కంపెనీ "లోపం లేదు" అని తిప్పి పంపిన రైఫిల్‌తో ఇప్పుడేం చేయాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనది ఇదీ. కొత్త బోల్ట్ యాక్షన్ రైఫిల్ (ప్రతి తూటాకీ చేత్తో బోల్ట్ పిడి లాగి ఎక్కించేది), .308 విన్‌చెస్టర్ తూటాది. కొన్న మూడో వారం నుంచే పేల్చిన కేసు, అంటే తూటా ఇత్తడి తొడుగు, ఛాంబర్‌లో (బ్యారెల్ వెనక తూటా కూర్చునే గదిలో) ఇరుక్కుపోతోంది. బోల్ట్ పిడి లేపాలంటే అరచేత్తో కొట్టాల్సి వస్తోంది. రెండుసార్లు బ్యారెల్ ముందు నుంచి క్లీనింగ్ రాడ్డు దూర్చి నెట్టారు. కంపెనీకి ఫోన్ చేస్తే ముందు తూటాల తప్పు అన్నారు. పట్టుబట్టి పంపితే ఏడు వారాలు ఉంచుకుని, "పరీక్షించాం, ప్రమాణాల మేరకే ఉంది" అని ఒక్క ముక్క రాసిన చీటీతో తిప్పి పంపారు. తెచ్చుకున్న మొదటి రోజే మళ్లీ అదే గోల. ఇప్పుడు మెయిల్ పెడితే ఉలుకూ పలుకూ లేదు. జింకల సీజన్ దగ్గర పడుతోంది.

జవాబులోకి వెళ్లే ముందు ఒక మాట. "ఇంకోసారి చూద్దాం" అని ఈ వారాంతం మళ్లీ రేంజ్‌కి తీసుకెళ్లకండి. బోల్ట్ గట్టిగా రావడం ఉత్త చిరాకే కావచ్చు, లోపల కేసు చీలబోతోందనే సూచన కూడా కావచ్చు. చేతికి రెండూ ఒకేలా తెలుస్తాయి. .308 తూటాకి అమెరికాలో తయారీదారుల సంఘం సామీ పెట్టిన గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. అదంతా మీ చెంపకి జానెడు దూరంలో జరిగే వ్యవహారం. ఇక ఆ రాడ్డు సంగతి. లోపల ఉన్నది పేలిపోయిన ఖాళీ కేసే అని ఖాయంగా తెలిస్తేనే ఆ పని చేయాలి. పేలని తూటా ఇరుక్కుంటే రాడ్డు జోలికి పోవద్దు. మూతి సురక్షితమైన వైపే ఉంచి, రేంజ్ అధికారినో గన్‌స్మిత్‌నో (తుపాకులు బాగుచేసేవాణ్ణో) పిలవండి.

నేను పద్దెనిమిదేళ్లు తుపాకులు బాగుచేసే బెంచి దగ్గర గడిపాను. అందులో నాలుగేళ్లు ఒక తయారీదారు తరఫున వారంటీ పనులు చూసే చోట. అంటే మీరు తిట్టుకుంటున్న ఆ చీటీ రాసే కుర్చీలో నేనూ కూర్చున్నాను. అందుకే చెబుతున్నా, మీ ప్రశ్న మొత్తంలో అన్నిటికంటే విలువైన వాక్యం మీరు మధ్యలో ఎక్కడో మాటవరసకి అనేసి దాటిపోయారు: "మొదటి నాలుగైదు బాగానే వస్తాయి, తర్వాత మొదలవుతుంది." మీ ఏడు వారాలు ఎక్కడ పోయాయో దాంట్లోనే ఉంది.

తూటా పేలినప్పుడు ఇత్తడి కేసు ఉబ్బి ఛాంబర్ గోడకి అంటుకుంటుంది. వాయువు వెనక్కి రాకుండా ఆపేది అదే. ఒత్తిడి తగ్గగానే ఇత్తడి తన సాగుడు గుణం వల్ల కాస్త లోపలికి ముడుచుకుంటుంది, అందుకే మామూలుగా బోల్ట్ తేలిగ్గా లేస్తుంది. ఛాంబర్‌ని తొలిచే రీమర్ మొద్దుబారినా, అదిరినా, లోపలి గోడ మీద సన్నటి గీతలు మిగిలిపోతాయి. ఉబ్బిన ఇత్తడి ఆ గీతల్లోకి ఒదిగి పట్టుకుంటుంది. చల్లగా, శుభ్రంగా ఉన్న ఛాంబర్‌లో మొదటి కొన్ని కేసులు ఎలాగో జారి వస్తాయి. ఛాంబర్ వేడెక్కి, మసి పేరుకునేకొద్దీ పట్టు పెరుగుతుంది. దాంతో కేసుని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం దాని అంచు మీద నుంచి జారిపోతుంది, లేకపోతే అంచునే చీల్చేస్తుంది.

ఇప్పుడు అటువైపు బల్ల దగ్గర ఏం జరుగుతుందో చూడండి. ఫోన్ ఎత్తినవాళ్లకి తుపాకీ పని తెలిసి ఉండాల్సిన అవసరం లేదు. వాళ్ల ముందు ఒక ఫారం ఉంటుంది. మీరు పావుగంట చెప్పిన కథ దాంట్లో ఒక్క గడిలోకి కుదించుకుపోతుంది: "కేసు బయటికి రావడం లేదని కస్టమర్ ఫిర్యాదు." నా బెంచికి వచ్చేది ఆ ఒక్క ముక్కే. నేనేం చేస్తాను? బోర్ శుభ్రం చేస్తాను. గో గేజ్, అంటే ఛాంబర్ పొడవు సరిచూసే ఉక్కు దిమ్మ, పెట్టి చూస్తాను. ఎక్స్‌ట్రాక్టర్ స్ప్రింగ్ నొక్కి చూస్తాను. తూటాల్ని పట్టి ఆపే పరీక్ష గొట్టంలోకి మూడు, మహా అయితే ఐదు తూటాలు పేలుస్తాను. ఐదూ చక్కగా వచ్చాయి. "లోపం కనబడలేదు." పక్కన ఇంకో పాతిక రైఫిళ్లు ఎదురుచూస్తున్నాయి.

అబద్ధం ఆడలేదు నేను. చూసినంత మేర ఆ చీటీ నిజమే. మీ రైఫిల్ ఆరో తూటాకి మొరాయిస్తుంది, నేను ఐదోదానికి ఆపేశాను. ఇంతే జరిగి ఉండొచ్చు. మీ విషయంలో కంపెనీ కావాలని మోసం చేసిందని నేననుకోవడం లేదు. అలాగని వాళ్లని వెనకేసుకు రావడం కాదు. ఏడు వారాలు ఉంచుకుని ఎన్ని పేల్చారో, ఏది కొలిచారో రాయకపోవడం పనిదొంగతనమే. మెయిల్‌కి జవాబివ్వకపోవడం అంతకంటే సిగ్గుచేటు.

ఒకాయన సంగతి చెప్తాను. ఆయన రైఫిల్ మా దగ్గరికి మూడుసార్లు వచ్చింది. మొదటి రెండుసార్లూ నేనే "లోపం కనబడలేదు" అని రాశాను. మూడోసారి పెట్టె తెరిస్తే రైఫిల్‌తో పాటు తూటాలు పెట్టుకునే ప్లాస్టిక్ డబ్బా ఒకటి వచ్చింది. అందులో ఇరవై ఖాళీ కేసులు, వరస తప్పకుండా. ఒక్కోదాని ఒంటి మీద నల్ల మార్కర్‌తో అంకె. డబ్బా మూత లోపల కాగితం: ఒకటి నుంచి ఆరు దాకా మామూలు, ఏడు గట్టిగా వచ్చింది, ఎనిమిది రాడ్డుతో తీశాను, పది నిమిషాలు ఆగాను, తొమ్మిది మామూలు... ఇలా ఇరవై దాకా. నేను ఎనిమిదో నంబరు తీసి దీపం కింద పెట్టి, భూతద్దం కంటికి తగిలించుకుని నెమ్మదిగా తిప్పాను. కేసు నడుము చుట్టూ, సన్నటి మర చుట్టలా, గీతలు. రెండో నంబరు తీశాను. అవే గీతలు, కాస్త మసకగా. అంటే గీతలు మొదటి నుంచీ ఉన్నాయి. రెండుసార్లు నా చేతిలోకి వచ్చినా నేను బోర్‌స్కోప్ (గొట్టం లోపల చూసే సన్నటి కెమెరా) పెట్టి ఛాంబర్ చూడలేదు. ఆ రోజు పెట్టాను. ఇంకో గంటలో బ్యారెల్ మార్చాలని కాగితం రాశాను.

ఆ మనిషి అరవలేదు, దావా వేస్తానని బెదిరించలేదు. నేను తప్పించుకోలేని వస్తువు ఒకటి నా బల్ల మీద పెట్టాడు. మీరు చేయాల్సింది కూడా అదే. కంపెనీ చేత మీ బాధని నమ్మించే ప్రయత్నం మానేయండి. వాళ్ల బెంచి మీద అదే లోపం మళ్లీ కనబడేలా కొలతలు, లెక్కలు ఇవ్వండి. గోడకి చెప్పుకున్నట్టు పది మెయిల్స్ పెట్టేకంటే నంబర్లు వేసిన పది కేసులు ఎక్కువ పని చేస్తాయి.

మొదట ఇంట్లో ఉన్న పాత ఖాళీ కేసులతో మొదలుపెట్టండి. పారేయలేదు కదా? ఒక్కోదాన్నీ వెలుతురులో తిప్పి చూడండి. అడుగు అంచు నుంచి కొంచెం పైన, ఒంటి చుట్టూ మెరిసే సన్నటి గీత ఒక్కటే ఉంటే జాగ్రత్త పడాలి. పేపర్ క్లిప్ ఒకటి తీసుకుని తిన్నగా సాగదీసి, చివర కొసని చిన్న కొక్కెంలా వంచండి. ఆ కొసని కేసు మూతిలోంచి దూర్చి, లోపలి గోడకి ఆనించి అడుగు నుంచి పైకి మెల్లగా లాగండి. నున్నగా వస్తే సరే. బయట ఆ మెరుపు గీత ఉన్నచోటే లోపల క్లిప్ కొస గోతిలో పడి తట్టుకుంటే, ఇత్తడి అక్కడ పలచబడిపోయిందని అర్థం. ఇంకొన్నిట్లో ఒకటి అక్కడే రెండు ముక్కలవుతుంది. కొత్త తూటాల్లోనే అలా కనిపిస్తే హెడ్‌స్పేస్, అంటే మూసిన బోల్ట్‌కీ ఛాంబర్‌లో తూటా ఆనే చోటికీ మధ్య దూరం, ఎక్కువుందని అనుమానించాలి. ఆ రైఫిల్‌ని ఇక ఎవరూ పేల్చకూడదు, మీ టెస్టింగ్ కోసమైనా సరే.

అలా కాకుండా ఒంటి నిండా చుట్టలు చుట్టలుగా గీతలుంటే రీమర్ మీదికి అనుమానం పోతుంది. నిలువుగా, ఒకేచోట లోతైన గీత ఉంటే ఛాంబర్‌లో ఏదో చిప్పు ఇరుక్కుందనో, అంచు లేచిందనో అనుకోవాలి. కేసు అడుగున రాతల మీద గుండ్రటి మెరుపు మచ్చ పడి, ప్రైమర్ (అడుగు మధ్యలో మందుని అంటించే చిన్న మూత) చపాతీలా చదునైపోయి ఉంటే సంగతి వేరు. అది ఒత్తిడి ఎక్కువైందనడానికి గుర్తు. తూటాల తప్పు అన్న కంపెనీ మాటలో నిజం ఉండే అవకాశం ఉంది.

అది తేల్చుకోవాలంటే మన వైపు కూడా ఒకసారి చూసుకోవాలి. కొత్త రైఫిల్‌కి తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలో పూసిన నూనెని ఛాంబర్ నుంచి పూర్తిగా తుడిచారా? ఛాంబర్‌లో జిడ్డు ఉంటే కేసు గోడని పట్టుకోదు, ఆ తోపు అంతా బోల్ట్ మీద పడుతుంది. మీరు వాడింది .308 పెట్టెలేనా, సైనిక 7.62 నాటో కూడా కలిపారా? చూడ్డానికి ఒకేలా ఉన్నా వాటి ఛాంబర్ కొలతలు పూర్తిగా ఒకటి కాదు. లక్క పూసిన స్టీలు కేసులా? ఎవరైనా స్నేహితుడు సొంతంగా నింపి ఇచ్చినవా? ఇంట్లో నింపిన తూటాలు వాడితే వారంటీ చెల్లదని చాలా మాన్యువల్స్‌లో స్పష్టంగా రాసి ఉంటుంది. అవి వాడి ఉంటే దాచకండి. బెంచి మీద ఉన్నవాడు కేసు మూతి చూసి పది సెకన్లలో పసిగడతాడు, ఆ తర్వాత మీ మాటల్లో మిగతావేవీ నమ్మడు. వారంటీ పని చూసిన రోజుల్లో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టినవాళ్లు గట్టిగా అరిచేవాళ్లు కాదు, సగం చెప్పి సగం మింగేసేవాళ్లు.

రెండో పని, కంపెనీతో సంబంధం లేని గన్‌స్మిత్ దగ్గరికి వెళ్లండి. బాగుచేయమని అడగొద్దు. హెడ్‌స్పేస్ కొలిచి, బోర్‌స్కోప్‌తో ఛాంబర్ ఫొటోలు తీసి, చూసింది కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇమ్మనండి. గో గేజ్ మీద బోల్ట్ మూసుకోవాలి, దానికంటే కాస్త పొడవైన నో-గో గేజ్ మీద మూసుకోకూడదు. .308కి ఈ రెండు గేజ్‌ల మధ్య తేడా సాధారణంగా అంగుళంలో వెయ్యో వంతులు నాలుగు, అంటే వెంట్రుక మందం కంటే కాస్త ఎక్కువ. కాబట్టి ఫైరింగ్ పిన్ విప్పి, బలం పెట్టకుండా, రెండు వేళ్లతో చూడాల్సిన పని అది. "కాస్త పాలిష్ పట్టిస్తే పోతుందండీ" అని ఆయన అంటే వద్దనండి. నిజంగానే పోవచ్చు కూడా. కానీ ఛాంబర్‌లో బయటివాళ్ల చేయి పడిందంటే కంపెనీకి తప్పుకోడానికి దారి దొరుకుతుంది. పైగా లోపం ఉందనడానికి ఉన్న ఆధారం కూడా ఆ పాలిష్‌తోనే పోతుంది.

హెడ్‌స్పేస్ సరిగ్గా ఉందని, పేల్చడం సురక్షితమేనని గన్‌స్మిత్ చెప్పాకే మూడో పని. రెండు వేర్వేరు కంపెనీల ఫ్యాక్టరీ తూటాలు కొనండి, ఒక్కో కంపెనీవి ఒకే లాట్ నంబరువి. శుభ్రం చేసిన చల్లటి రైఫిల్‌తో ఒక రకం పది, గ్యాప్ లేకుండా. పూర్తిగా చల్లారనిచ్చి, మళ్లీ శుభ్రం చేసి, రెండో రకం పది. బయటికి వచ్చిన వెంటనే కేసు మీద నంబరు వేసి వరసలో పెట్టండి. పక్కన ఒకరుండి ఫోన్‌తో వీడియో తీస్తే ఇంకా మంచిది, మీ ముఖం అక్కర్లేదు, బోల్ట్ పిడి, చెయ్యి కనబడితే చాలు. ఒక్క రకమే ఇరుక్కుంటే తూటా కంపెనీకి లాట్ నంబరుతో రాయండి. రెండు రకాలూ ఇరుక్కుంటే ఇక "తూటాల తప్పు" అనే మాట ఎవరూ ఎత్తలేరు. కేసు రాడ్డుతో తీయాల్సి వస్తే అక్కడికి ఆపేయండి. పదీ పూర్తి చేయాలన్న పట్టుదల వద్దు.

ఇప్పుడు ఉత్తరం. కథ వద్దు, కోపం వద్దు, పేజీ దాటొద్దు. సీరియల్ నంబరు, కొన్న తేదీ, మొదటిసారి పంపిన రిపేరు నంబరు పైన పెట్టి, కింద సుమారుగా ఇలా: "శుభ్రం చేసిన రైఫిల్‌తో వరసగా 10 ఫ్యాక్టరీ తూటాలు పేల్చగా 6వ తూటా నుంచి కేసు ఛాంబర్‌లో ఇరుక్కుంటోంది. రెండు తయారీదారుల తూటాలతో ఇదే ఫలితం. నంబర్లు వేసిన కేసులు, లాట్ నంబర్లు, గన్‌స్మిత్ నివేదిక జత చేశాను. గతసారి పరీక్షలో ఎన్ని తూటాలు పేల్చారో తెలపండి. ఈసారి వరసగా కనీసం 10 పేల్చి, ఛాంబర్‌ని బోర్‌స్కోప్‌తో చూసి, హెడ్‌స్పేస్ కొలత ఎంత వచ్చిందో రాసి పంపండి." చివర ఒక గడువు, రెండు వారాలు. "గతసారి ఎన్ని పేల్చారు" అన్న ప్రశ్న తప్పక ఉండాలి. దానికి జవాబు వెతకాలంటే మీ పాత ఫైలు ఎవరో ఒకరు తెరవక తప్పదు. తెరిచినవాడికి పరిస్థితి తనంతట తానే అర్థమవుతుంది.

ఇది మెయిల్‌లో పంపి, అదే కాగితం రసీదు తిరిగొచ్చే పోస్టులో కంపెనీ ప్రధాన కార్యాలయానికి కూడా పంపండి. ఫోన్‌లో మాట్లాడితే పెట్టేసిన వెంటనే "ఇప్పుడు మీరు చెప్పింది ఇది" అని నాలుగు లైన్ల మెయిల్ కొట్టండి. ఇంకొకటి, చాలామంది మర్చిపోయేది: మీకు అమ్మిన డీలర్. తయారీదారుకి మీరు ఒక కస్టమర్, డీలర్ ఏటా ఎన్నో రైఫిళ్లు కొనే పార్టీ. ఆయన ఫోన్ వెళ్లేది సేల్స్ వాళ్లకి, వారంటీ క్యూలోకి కాదు. నా బెంచి మీద క్యూ దాటి ముందుకొచ్చిన రైఫిళ్లు చాలావరకు అలా వచ్చినవే. బ్రిటన్‌లో అయితే 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం మొదటి బాధ్యతే అమ్మినవాడిది, లోపమున్న సరుకుని 30 రోజుల్లో తిప్పి ఇచ్చేసి డబ్బు అడగొచ్చు. అమెరికాలో డీలర్లు మొహమాటం లేకుండా "కంపెనీకి పంపుకోండి" అంటారు. అయినా అడగడంలో పోయేదేం లేదు.

పంపించడం గురించి భయపడుతున్నారు కాబట్టి అదీ చెప్తాను. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం సొంతదారు తన తుపాకీని రిపేరు కోసం లైసెన్సున్న తయారీదారుకి నేరుగా పంపొచ్చు. వాళ్లు బాగుచేసి, లేదా అదే రకానిది బదులుగా, నేరుగా మీకే తిప్పి పంపొచ్చు, మధ్యలో డీలర్ తప్పనిసరి కాదు. రాష్ట్రాల చట్టాలు ఇంకా కఠినంగా ఉండొచ్చు కాబట్టి మీ రాష్ట్రం సంగతి చూసుకోండి. స్కోపు, రింగులు, పట్టీ విప్పేయండి, అవి పోతే మళ్లీ ఇంకో తగువు. సీరియల్ నంబరు, చెక్క మీద ఉన్న గీతలతో సహా అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయండి. పెట్టెలో ఖాళీ కేసులు మాత్రమే, బతికున్న తూటా ఒక్కటి కూడా ఉండకూడదు. రవాణా ఖర్చు వాళ్లదేనని, లేబుల్ పంపమని ముందే అడగండి. రెండోసారి వెళ్తున్న రైఫిల్‌కి లేబుల్ ఇవ్వనన్న కంపెనీని నేను పెద్దగా చూడలేదు.

చట్టం గురించి అడిగారు. నేను లాయర్ని కాదు, బెంచి మనిషిగా తెలిసినంత చెప్తాను. 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం రాతపూర్వక వారంటీ ఇచ్చి తీరాలని ఏ కంపెనీనీ బలవంతపెట్టదు, ఇస్తే మాత్రం షరతులు స్పష్టంగా ఉండాలంటుంది. అందుకే కొన్ని తుపాకీ కంపెనీలు అసలు వారంటీ కార్డే ఇవ్వవు, అయినా దశాబ్దాల నాటి తుపాకుల్ని కూడా చక్కగా చూసి పంపే మంచి పేరు వాటిలో కొన్నిటికి ఉంది. కార్డు లేదని కంగారు పడకండి. కార్డు లేకపోయినా, అమ్మిన సరుకు దాని మామూలు వాడకానికి పనికిరావాలనే అలిఖిత హామీ ఒకటి దాదాపు అన్ని రాష్ట్రాలూ ఆమోదించిన వాణిజ్య స్మృతిలో ఉంది, దావాకి సాధారణ గడువు సరుకు అందినప్పటి నుంచి నాలుగేళ్లు. కేసు బయటికి కక్కలేని రైఫిల్ వేటకి పనికొచ్చే సరుకని వాదించడం ఎవరికైనా కష్టమే. ఇంకా మొండికేస్తే చిన్న మొత్తాల కోర్టు, మీ రాష్ట్ర అటార్నీ జనరల్ దగ్గరి వినియోగదారుల విభాగం ఉన్నాయి. నా అనుభవంలో అంత దూరం వెళ్లేవి తక్కువ, ఉత్తరం సరిగ్గా రాస్తే.

ప్రభుత్వ భద్రతా సంస్థకి ఫిర్యాదు చేస్తే రీకాల్ చేయిస్తారా అన్నారు. చేయించరు, చేయించలేరు. టోస్టర్ల నుంచి పిల్లల ఊయలల దాకా చూసే అమెరికా వినియోగదారు వస్తువుల భద్రతా కమిషన్ పరిధి నుంచి తుపాకుల్ని 1972 చట్టంలోనే బయట పెట్టేశారు. లోపమున్న రైఫిల్‌ని వెనక్కి పిలవమని ఆదేశించే ఫెడరల్ సంస్థ ఏదీ లేదు. పిలిస్తే కంపెనీ తనంతట తాను పిలవాలి, లేదా కోర్టు చుట్టూ తిరగాలి.

అది ఎలా ఉంటుందో రెమింగ్టన్ మోడల్ 700 చరిత్ర చూస్తే తెలుస్తుంది. ట్రిగ్గర్ నొక్కకుండానే పేలుతున్నాయని ఆ రైఫిళ్ల మీద దశాబ్దాల పాటు ఫిర్యాదులొచ్చాయి, పాత ట్రిగ్గర్‌లో లోపం లేదని కంపెనీ వాదిస్తూ వచ్చింది. 2014 ఏప్రిల్‌లో కంపెనీయే రీకాల్ చేసింది, కానీ అది 2006 నుంచి వాడిన కొత్త ఎక్స్-మార్క్ ప్రో ట్రిగ్గర్లకి, కారణం బిగింపులో జిగురు ఎక్కువ పడటం. పాతవాటి సంగతి కోర్టు ఒప్పందంలో తేలింది. 2017లో జడ్జి ఆమోదించారు, 2018లో అప్పీలు కోర్టు సమర్థించింది. ఆ ఒప్పందం కిందికి వచ్చినవి 75 లక్షల దాకా తుపాకులు. ఆమోదం నాటికి ట్రిగ్గర్ మార్చమని అడిగినవాళ్లు వాటిలో అర శాతం కూడా లేరు. 2020లో కంపెనీ రెండోసారి దివాలా తీసి ముక్కలుగా అమ్ముడుపోయింది. మీ ఫిర్యాదు వాళ్లకై వాళ్లు పట్టించుకుంటారని కూర్చోవద్దని ఎందుకంటున్నానో దీన్నిబట్టి చూడండి.

ఈ సందర్భంలోనే ఇంకో జాగ్రత్త. మీ రైఫిల్‌లో ట్రిగ్గర్, సేఫ్టీ కూడా ఒకసారి చూడండి. తూటాలు గదిలోనే లేకుండా, ఛాంబర్ ఖాళీ అని కంటితో, వేలితో రెండుసార్లు చూసుకుని, బోల్ట్ మూసి సేఫ్టీ వేయండి. ట్రిగ్గర్ గట్టిగా లాగి వదిలేయండి. ఇప్పుడు ట్రిగ్గర్ ముట్టుకోకుండా సేఫ్టీ తీయండి. టక్‌మని ఫైరింగ్ పిన్ పడకూడదు. బోల్ట్ గట్టిగా మూసినా పడకూడదు. ఒక్కసారి పడినా మీ ఉత్తరం మొదటి వాక్యం మారిపోతుంది: "ట్రిగ్గర్ నొక్కకుండా పేలే ప్రమాదం ఉంది." ఆ మాట ఫారంలోకి ఎక్కితే రైఫిల్ మామూలు క్యూలో ఉండదు. కానీ లేని లోపాన్ని ఉందని మాత్రం రాయొద్దు. క్యూ దాటడానికి అలా రాసినవాళ్లని చూశాను. ట్రిగ్గర్ బాగానే ఉందని తేలగానే అసలు లోపాన్ని చూడకుండానే మూసేశారు.

రెండోసారి వాళ్లు ఏం ఇవ్వజూపుతారో ముందే ఆలోచించి పెట్టుకోండి. "ఛాంబర్ పాలిష్ చేశాం" అంటే, ఎన్ని తూటాలతో పరీక్షించారో కాగితం మీద అడగండి. కొత్త బ్యారెల్ వేస్తామంటే మంచి సంగతే, ఒప్పుకోండి. రైఫిలే మార్చి ఇస్తామంటే ఇంకా మంచిది, సీరియల్ నంబరు మారుతుంది కాబట్టి ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్ కాగితాలున్న చోట మార్చుకోండి. డబ్బు వాపసు గురించి మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోకండి. తయారీదారులు బాగుచేస్తారు, మారుస్తారు, డబ్బు ఇవ్వడానికి మాత్రం మీనమేషాలు లెక్కపెడతారు.

ఇక సీజన్. "అడవిలో పేల్చేది ఒకటో రెండో, మొదటి ఐదూ బాగానే వస్తున్నాయి కదా, ఈసారికి కానిచ్చేయనా" అని చివర అడిగారు. వద్దండీ. చలిలో, దుమ్ములో, రోజంతా మోసిన రైఫిల్‌లో ఆ "మొదటి ఐదు" ఏ లెక్కన వస్తాయో మీకూ తెలియదు, నాకూ తెలియదు. తగలరాని చోట తగిలి కుంటుతూ పోతున్న జంతువు ఎదురుగా ఉండగా, రెండో తూటా ఎక్కించలేక బోల్ట్ పిడిని అరచేత్తో బాదుతూ నిలబడటం నేనొకసారి చూశాను. ఆ కంగారులో ఆయన బ్యారెల్ మూతి పక్కనున్న మనిషి మోకాళ్ల మీదుగా రెండుసార్లు తిరిగింది. ఎవరి దగ్గరైనా రైఫిల్ అరువు తెచ్చుకోండి. అరువు ఇవ్వడం మీద మీ రాష్ట్రం నియమాలు చూసుకోండి, తెచ్చాక రేంజ్‌లో గురి సరిచూసుకోండి.

ఉత్తరం పంపేలోపు ఒక పని చేయండి. పాత కేసుల్లో బాగా ఇరుక్కున్నవి రెండు, మామూలుగా వచ్చినవి రెండు పక్కపక్కనే పెట్టి, కిటికీ వెలుతురు పక్క నుంచి పడేలా దగ్గరగా ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. ఒకటి అడుగు వైపు నుంచి కూడా. గీతలు చుట్టూ ఉన్నాయో నిలువుగా ఉన్నాయో చూస్తే, గన్‌స్మిత్‌ని ముందుగా ఏం కొలవమనాలో చెప్తాను.